గుమస్తా జవాబులు: మాట ఒకరిది, సంతకం ఒకరిది

పోయిన నెల ఓ జవాబులో మాటవరసకి ‘ఎలాన్ మస్క్‌కి సెనేట్ ముద్ర లేదు కదా’ అని ఒక ముక్క రాసి వదిలేశాను. అమెరికా పార్లమెంటుని కాంగ్రెసు అంటారు, అందులో పైసభ సెనేట్; అక్కడి పెద్ద కొలువులకి దాని ఆమోదం కావాలి. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే, వదిలేసి తప్పు చేశాననిపించింది. అందుకే ఈసారి బియ్యం కార్డులు, పింఛన్ల ప్రశ్నలు పక్కన పెట్టి ఆ ఉత్తరాలకే జవాబులిస్తున్నాను. కొత్తగా చదివేవారికి నా సంగతి: విజయనగరం జిల్లాలో మండల పరిషత్తు ఆఫీసుల్లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. లాయర్ని కాను, ప్రొఫెసర్ని అసలే కాను. ఫైలు చేతికిస్తే దాని మీద ఎవరెవరి చెయ్యి పడిందో చెప్పగలను, అంతవరకే.

ప్రశ్న: సార్, గ్రూప్-2కి చదువుతున్నాను. అమెరికాలో బోర్డర్ జార్, డ్రగ్ జార్, ఏఐ జార్ అంటున్నారు. జార్ అంటే రష్యా చక్రవర్తి కదా, రాజులే లేని దేశంలో ఈ పేరేమిటి? సెనేట్ ఆమోదించని మనిషికి ప్రెసిడెంటు అంత అధికారం ఇవ్వొచ్చా? డాలస్‌లో ఉన్న మా అన్నయ్య తప్పేం లేదంటాడు. పుస్తకం చూస్తే నాకు తప్పే అనిపిస్తోంది. (రాజాం నుంచి ఓ నిరుద్యోగి)

జవాబు: బాబూ, మీ అన్నయ్య మాటా నిజమే, నీ పుస్తకమూ నిజమే. రెండు పొలాల మధ్య గట్టు లాంటిదొకటి ఉంది. నూరేళ్ళుగా తగాదా ఆ గట్టు మీదే.

ముందు పేరు సంగతి చూద్దాం. జార్ అన్న మాట ఏ చట్టంలోనూ లేదు, ఏ నియామక ఉత్తర్వులోనూ రాయరు. ఏదో ఒక పనికి ప్రెసిడెంటు తెచ్చి పెట్టుకున్న పెద్దకి పత్రికలవాళ్ళు తగిలించిన పేరది. రష్యాలో అసలు జార్ 1917లో గద్దె దిగాడు. మరుసటి ఏడే అమెరికాలో యుద్ధ పరిశ్రమల బోర్డుకి బెర్నార్డ్ బరూచ్ అధ్యక్షుడైతే, ఆయన్ని పరిశ్రమల జార్ అన్నారు. సొంతదారు పోయి పేరు ఖాళీగా పడుంటే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు కాబోలు.

ఇక అమెరికా రాజ్యాంగం. రెండో అధికరణం, రెండో సెక్షన్. రాయబారులు, సుప్రీంకోర్టు జడ్జీలు, పెద్ద అధికారులు, వీళ్ళ పేర్లు ప్రెసిడెంటు పంపాలి, సెనేట్ సమ్మతించాలి. ఇవాళ అలా సెనేట్ గుమ్మం ఎక్కాల్సిన కొలువులు 1,200 పైచిలుకు. కింది అధికారుల నియామకాన్ని కాంగ్రెసు చట్టం చేసి ప్రెసిడెంటుకో, కోర్టులకో, శాఖాధిపతులకో వదిలెయ్యొచ్చు. మరి ప్రెసిడెంటు పక్కన కూర్చుని చెవిలో మాట చెప్పేవాడి సంగతి? వాడికి ఏ గుమ్మమూ ఎక్కే పని లేదు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఓ కొలత ఇచ్చింది: దేశ చట్టాల కింద చెప్పుకోదగ్గ అధికారం చెలాయించే ప్రతి మనిషీ అధికారే, అతని నియామకం ఆ సెక్షన్ చెప్పిన దారినే జరగాలి. నోరు మాత్రమే ఉంటే సలహాదారు, చెయ్యి కూడా ఉంటే అధికారి అన్నమాట. పరీక్షలో అడిగితే ఇంతవరకు రాయి, చాలు.

పరీక్ష హాలు బయట మాత్రం నోరు ఎక్కడ ఆగుతుందో, చెయ్యి ఎక్కడ మొదలవుతుందో అంత తేలిగ్గా కనబడదు. నా సొంత కథ ఒకటి చెబుతాను, విసుక్కోకు.

1990ల చివర్లో నేనొక మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఏ మండలమో అడగొద్దు. మా వైపు పాతకాలపు వాళ్ళు సర్పంచిని కూడా ‘పెసిడెంటు’ అనే అంటారు, మండలాధ్యక్షుడికీ అదే పిలుపు. మా మండల ప్రెసిడెంటు మంచాయన, మెతక మనిషి. ఆయనకో బావమరిది. ఆ బావమరిదికి పదవి లేదు, జీతం లేదు, ఓటర్ల జాబితాలో తప్ప ఏ రికార్డులోనూ పేరు లేదు. కానీ ప్రెసిడెంటు గారి గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. పొద్దున్న పదింటికల్లా వచ్చి కూర్చునేవాడు. మేం ఫైలు పట్టుకుని లోపలికి వెళితే ముందు ఆ కుర్చీ వైపు చూడ్డం అలవాటైపోయింది. చూడమని మాకెవరూ చెప్పలేదు.

ఓ ఎండాకాలం ఒక ఊరికి చేతిపంపు బోరు మంజూరైంది. తీర్మానంలో చోటు ఎస్సీ కాలనీ అని స్పష్టంగా ఉంది. బావమరిది గారు వచ్చి, “రామాలయం ఎనకాల తవ్వించీయండి” అన్నారు. కాగితం ఇప్పించండి బాబూ అన్నాను. “కాగితం ఏటికి గుమస్తా బావూ, నాను సెప్పినాను కదేటి! పెసిడెంటు మాటైనా నా మాటైనా ఒకటే” అన్నారు. ఇంజనీరు గారు తలూపారు. నేనూ ఊపాను, అబద్ధం ఆడకూడదు. బోరు రామాలయం వెనక పడింది. నీళ్ళు కూడా తియ్యగా పడ్డాయి.

రెండేళ్ళకి ఆడిట్ వచ్చింది. తీర్మానంలో ఒక చోటు, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులో ఇంకో చోటు. ఎవరు మార్చమన్నారు? ప్రెసిడెంటు గారు “నేను చెప్పలేదు” అన్నారు. నిజమే, ఆయన చెప్పలేదు. ఇంజనీరు గారు “ఆఫీసు నుంచి చెప్పారు” అన్నారు. బావమరిదిని అడుగుదామంటే ఆడిట్ వాళ్ళ లెక్కలో ఆయనెవరు గనక? లేని మనిషికి నోటీసు ఎలా ఇస్తారు? చివరికి బిల్లు ఫైలు పెట్టిన పొట్టి సంతకం నాది. ఆడిట్ పేరా, అంటే వాళ్ళు రాసిన అభ్యంతరం, నా మీద పడింది, జీతంలోంచి పది నెలలు కోత. ఆ ఏడు సంక్రాంతికి మా ఆవిడ కొత్త చీర తనకొద్దంది, ఎందుకొద్దో నాకు తెలిసి ఊరుకున్నాను. నా నష్టం అక్కడితో సరి. కాలనీ ఆడవాళ్ళు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి చెరువు గట్టు దిగి పాత నూతికే వెళ్ళారు. వాళ్ళు ఫిర్యాదు రాద్దామంటే ఎవరి మీద రాయాలి?

ఇప్పుడు వాషింగ్టన్ వెళ్దాం. 2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే ట్రంప్ ఓ ఉత్తర్వుతో ‘డోజ్’ని నిలబెట్టాడు. ప్రభుత్వ ఖర్చు తగ్గించడం దాని పని అన్నారు. మస్క్ దాని ముఖం. ఆయన కొలువు పేరు ప్రత్యేక ప్రభుత్వోద్యోగి, అంటే 365 రోజుల్లో 130 రోజులకు మించి పనిచెయ్యకూడని తాత్కాలికపు కొలువు. ఫిబ్రవరి 22, శనివారం నాడు లక్షల మంది ఉద్యోగులకి ఈ-మెయిల్ వెళ్ళింది: పోయిన వారం ఏం చేశారో ఐదు ముక్కల్లో రాయండి. పంపింది సిబ్బంది వ్యవహారాల కార్యాలయం. రాయకపోతే రాజీనామా చేసినట్టే అన్న బెదిరింపు ఆ మెయిల్‌లో లేదు. అది మస్క్ తన ఎక్స్ ఖాతాలో పెట్టాడు. ఎఫ్‌బీఐ, రక్షణ శాఖ తమవాళ్ళని జవాబివ్వకుండా ఆగమన్నాయి. మిగతా గుమస్తాల పాట్లు నేను ఊహించగలను. ఎవరి మాట వినాలి, మెయిల్‌దా, ఎక్స్‌దా?

అదే ఫిబ్రవరిలో వైట్‌హౌస్ అధికారి ఒకాయన కోర్టుకి రాసిచ్చింది ఇంకా బావుంది. మస్క్ ప్రెసిడెంటు గారికి సీనియర్ సలహాదారు, సొంతంగా ప్రభుత్వ నిర్ణయాలు చేసే అధికారం ఆయనకి లేదు, డోజ్‌కి ఆయన అధిపతి కూడా కాడు అని. పేపర్లో అది చదివి, ఇడ్లీ చేతిలో ఉండగా నవ్వాను. మా మండల ప్రెసిడెంటు గారు ఆడిట్ వాళ్ళతో చెప్పిందీ అచ్చం ఇదే.

కోర్టుల్లో తేలిందా అంటే, ఒకటి అలా ఒకటి ఇలా. మార్చి 18న మేరీల్యాండ్ జడ్జి థియోడర్ చువాంగ్, విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కేసులో, మస్క్ నడిపిన తీరు ఆ నియామకాల సెక్షన్‌ని ఉల్లంఘించినట్టే కనబడుతోందన్నాడు. పది రోజులకి పైకోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది. అధికారం ఉన్నవాళ్ళు ఆ నిర్ణయాలని ఆమోదించారన్న ప్రభుత్వ వాదన వైపు మొగ్గింది. అంటే ఇంజనీరు గారు తలూపారు కాబట్టి బోరు సక్రమమే అన్నట్టు. చట్టం దృష్టిలో అది తప్పనలేను. నాకు మాత్రం ఆ తలూపుడు ఎలా జరుగుతుందో తెలుసు. మే నెలాఖరుకి మస్క్ వెళ్ళిపోయాడు, కేసులు ఉండిపోయాయి.

ఇదొక పార్టీ జబ్బు అనుకోకు. 2009లో ఒబామా వాతావరణానికి ఒకరిని, ఆరోగ్య సంస్కరణకి ఒకరిని వైట్‌హౌస్‌లోనే కూర్చోబెట్టాడు. అవతలి పార్టీవాళ్ళు జార్ల జాబితాలు అచ్చేశారు, సెనేట్ ఆమోదం పొందినవాళ్ళనీ అందులో కలిపేసి లెక్క పెంచారు కూడా. ఆ గోల కంటే ముందే, ఫిబ్రవరిలో, ఒబామా సొంత పార్టీ సెనేటరు రాబర్ట్ బర్డ్ ఆయనకి ఉత్తరం రాశాడు. అప్పటికి బర్డ్ వయసు 91, సెనేట్‌లో కూర్చుని యాభై ఏళ్ళు. ఈ వైట్‌హౌస్ మనుషులు కాంగ్రెసు కమిటీల ముందుకి రారు, అడిగితే ప్రెసిడెంటు గోప్యత అంటారు, అధికారాల సమతూకం చెడుతుంది అన్నది ఆయన బాధ. గద్దె ఎక్కి నెల దాటగానే సొంతవాడికి అలాంటి ఉత్తరం రాసే పెద్దమనిషి మన జిల్లాలో ఒకడుంటే చూపించు, దండేసి వస్తాను.

బుష్ కాలం ముచ్చట ఇంకా సూటిగా ఉంటుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత టామ్ రిడ్జ్‌ని దేశ భద్రతకి వైట్‌హౌస్‌లో పెట్టారు. 2002లో సెనేట్ కమిటీ వచ్చి బడ్జెట్ గురించి సాక్ష్యం చెప్పమంటే, ఆయన సలహాదారు కాబట్టి రాడు అన్నారు. ఆ ఏడు చివర్లో చట్టం చేసి పూర్తి శాఖ పెట్టారు. 2003 జనవరిలో అదే రిడ్జ్ సెనేట్ ఆమోదంతో మంత్రి అయ్యాడు. మనిషి మారలేదు, గుమ్మం మారింది. గుమ్మం మారాక పిలిస్తే రావాల్సిందే.

నువ్వూ మీ అన్నయ్యా వచ్చే ఫోనులో కొట్టుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆ మనిషి చెప్పినదాన్ని కింది ఉద్యోగి కాదనగలడా? కాదనగలిగితే అది సలహా.

ప్రశ్న: గుమస్తా గారూ, నా ఫ్యాక్టరీకి మేనేజర్ని పెట్టుకోవాలంటే నేనెవరి ఆమోదమూ అడగను. గెలిచిన ప్రెసిడెంటుకి తనకి నచ్చినవాణ్ణి పెట్టుకునే స్వేచ్ఛ ఉండొద్దా? సెనేట్ నెలల తరబడి నాన్చితే పని ఎలా సాగుతుంది? (పలాస, జీడిపప్పు వ్యాపారి)

జవాబు: షావుకారు గారూ, పిక్కలు మీవి, పొయ్యి మీది, మాడితే నష్టం మీది. ఖజానా పిక్కలు ప్రెసిడెంటువి కావు కదా. కానీ మీరన్న నాన్చుడు సంగతి ఒప్పుకుంటాను. ఒక్క సెనేటరు అడ్డం కూర్చుని, తన రాష్ట్రం పని ఇంకేదో అయ్యేదాకా ఎవరి నియామకాన్నో పట్టి ఉంచడం అక్కడ మామూలే. ఈ జార్ల పంట పండింది సగం ఆ ఎరువుతోనే.

అత్యవసరాలూ ఉంటాయి. 1942లో యుద్ధం మధ్యలో ధరలు అదుపు చెయ్యడానికి రూజ్‌వెల్ట్ సుప్రీంకోర్టు జడ్జి జేమ్స్ బర్న్స్‌ని రాజీనామా చేయించి మరీ తెచ్చుకున్నాడు. ఆయన్ని జనం అసిస్టెంటు ప్రెసిడెంటు అనేవారు. 2014లో ఎబోలా వస్తే ఆసుపత్రులకీ, విమానాశ్రయాలకీ, విదేశాంగ శాఖకీ మధ్య తాడు కట్టడానికి రాన్ క్లెయిన్‌ని కొన్ని నెలలు పెట్టారు. నాలుగు శాఖల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే మనిషి కావాలి, దానికి సెనేట్ ఓటు అక్కర్లేదు. తిత్లీ తుపాను రోజుల్లో మీ పలాసలోనే చూశారు, కరెంటు వాళ్ళూ రెవెన్యూ వాళ్ళూ ఎవరి లెక్క వాళ్ళు రాసుకుంటుంటే కలిపి నడిపించే పెద్ద ఒకరు లేక ఎంత ఇబ్బందో.

చేదు ఎక్కడ మొదలవుతుందంటే, తాత్కాలికపు మనిషి కింద అసలు మంత్రి ఎండిపోయినప్పుడు. నిక్సన్ దగ్గర కిసింజర్ 1969 నుంచి జాతీయ భద్రతా సలహాదారు, సెనేట్ ఆమోదం అక్కర్లేని కొలువు. విదేశాంగ మంత్రి పేరుకి విలియం రోజర్స్. 1971 జులైలో కిసింజర్ పాకిస్తాన్ వెళ్ళి, కడుపునొప్పి అని చెప్పించి, గుట్టుగా బీజింగ్ ఎగిరిపోయాడు. చైనాతో అంత పెద్ద బేరం నడిచింది విదేశాంగ మంత్రిని పక్కన కూర్చోబెట్టి. బేరం మంచిదే కావచ్చు. కానీ సెనేట్ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన రోజర్స్‌కి జవాబు తెలీదు, తెలిసిన కిసింజర్‌ని పిలిచే హక్కు సెనేట్‌కి లేదు. 1973లో కిసింజరే విదేశాంగ మంత్రి అయినప్పుడు గానీ సెనేట్ ముందు కూర్చోలేదు. అప్పుడైనా పాత కుర్చీ వదిలాడా? 1975 దాకా రెండూ ఆయనే.

దారి లేదనుకోకండి. బడ్జెట్ కార్యాలయం అధిపతికి సెనేట్ ఆమోదం కావాలని 1974లో చట్టం చేశారు. మాదకద్రవ్యాల జార్ అని పిలిచే కొలువుకి 1988లో చట్టమే రాసి, సెనేట్ ఆమోదం పెట్టారు. అధికారం శాశ్వతమయ్యే వాసన రాగానే పట్టా చేయించుకోవడమన్నమాట. కాంగ్రెసుకి ఆ ఓపిక అప్పుడప్పుడే ఉంటుంది. 2011లో బడ్జెట్ చట్టంలో నాలుగు జార్ల కొలువులకి డబ్బు ఆపేశారు. ఒబామా దాని మీద సంతకం చేస్తూనే, సలహాలు తీసుకునే నా హక్కుని మీరు కొయ్యలేరని పక్కన రాసుకున్నాడు.

ప్రశ్న: మన దగ్గర సలహాదారులకి క్యాబినెట్ హోదా, కారు, జీతం ఇస్తున్నారు. వీళ్ళని అసెంబ్లీ గానీ పార్లమెంటు గానీ ఆమోదించాలన్న నియమం లేదా? (బొబ్బిలి, టీచరు)

జవాబు: లేదు మేడం. మన దగ్గర మంత్రినే సభ ఆమోదించదు. మన కట్టుదిట్టం వేరే దారిలో ఉంది: మంత్రి అయినవాడు ఆరు నెలల్లో సభ్యుడై తీరాలి, సభలో నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్పాలి, మంత్రివర్గం మొత్తం సభకి బాధ్యత వహించాలి. 2003 నాటి 91వ సవరణ మంత్రుల సంఖ్యకి సభలో 15 శాతం అని గిరి గీసింది. గిరి గీశారు కాబట్టి గిరి బయట కుర్చీలు వేశారు. క్యాబినెట్ హోదా అన్నది ఆ కుర్చీలకి వేసిన తుండుగుడ్డ.

కేంద్రంలో జాతీయ భద్రతా సలహాదారు కొలువు 1998లో పుట్టింది. మొదట బ్రజేశ్ మిశ్రా, అప్పటికే ఆయన ప్రధానికి ప్రిన్సిపల్ సెక్రటరీ కూడా. 2014 నుంచి అజిత్ డోభాల్, 2019లో క్యాబినెట్ హోదా. 2004లో సోనియా గాంధీ అధ్యక్షతన జాతీయ సలహా మండలి వచ్చినప్పుడు, ప్రధాని పక్కన ఇంకో ప్రభుత్వమా అని ఇవాళ పాలిస్తున్నవాళ్ళే గొంతు చించుకున్నారు. లాభదాయక పదవి గొడవలో 2006లో ఆమె లోక్‌సభ సీటూ, మండలి అధ్యక్ష పదవీ రెండూ వదిలి మళ్ళీ పోటీ చేశారు. ఆ మండలిలో మాట్లాడినవే కొన్ని చట్టాలయ్యాయి, అవి పార్లమెంటులో ఓటు దాటి వచ్చాయి కాబట్టి నాకు పెద్దగా పేచీ లేదు. ఆ మాటకొస్తే దేశాన్ని అరవై నాలుగేళ్ళు నడిపించిన ప్రణాళికా సంఘం 1950 మార్చిలో ఓ మంత్రివర్గ తీర్మానంతో పుట్టిందే, చట్టంతో కాదు. నీతి ఆయోగ్ కూడా అంతే.

రాష్ట్రం సంగతి మీరు పేపర్లో చూస్తూనే ఉన్నారు. 2022 ఆగస్టులో మన హైకోర్టు దేవాదాయ శాఖ సలహాదారు నియామకాన్ని నిలిపేసింది. ప్రభుత్వాలు మారతాయి, జాబితాలో పేర్లు మారతాయి. నన్నడిగితే జీతం, కారు అంత పెద్ద పాపాలు కావు. కలెక్టరుకి నేరుగా ఫోను చేసి ‘ఇలా చెయ్యండి’ అనే సలహాదారుని సభలో ఎవరు ప్రశ్నిస్తారన్నదే నాకు పట్టే సంగతి.

ప్రశ్న: కోట దగ్గర ఉంటాను. మన సంస్థానంలో దివానులు కూడా ఈ జార్ల లాంటివాళ్ళేనా? (విజయనగరం)

జవాబు: అందరూ కాదు గానీ, ఒకాయన అచ్చంగా అలాంటివాడే. 1760లో ఆనందరాజు పోయాక గద్దె ఎక్కింది పన్నెండేళ్ళ విజయరామరాజు. రాజ్యం నడిపింది సవతి అన్న సీతారామరాజు. గట్టివాడు, లెక్క తెలిసినవాడు, చుట్టుపక్కల జమీందార్లని వంచినవాడు. తమ్ముడు పెద్దయ్యాక అన్న చేతుల్లోంచి బయటపడదామనుకుంటే, రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు ఈస్టిండియా కుంపిణీయే ఒత్తిడి చేసి, సీతారామరాజుని దివానుగా పెట్టుకోవడానికి ఆ తమ్ముణ్ణి ఒప్పించింది. గద్దె మీద ఒకరు, పగ్గం పట్టింది ఇంకొకరు, ఆ పగ్గం అందించింది మద్రాసువాళ్ళు.

పేష్కష్ (కుంపిణీకి కట్టాల్సిన కప్పం) బకాయిలు పేరుకున్నాక కుంపిణీ ఎవరి పీక పట్టుకుంది? సీతారామరాజుని మద్రాసు పిలిపించి భత్యం కట్టి కూర్చోబెట్టారు. విజయరామరాజుని మచిలీపట్నం పొమ్మన్నారు. ఆయన పోలేదు. 1794 జులై 10న భీమిలి దారిలో పద్మనాభం దగ్గర కుంపిణీ సేనల తుపాకులకి ఒరిగిపోయాడు. ఈ కథ వీరగాథగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. నాకు మాత్రం పద్మనాభం వెళ్ళినప్పుడల్లా ఆ ఆడిట్ పేరా గుర్తొస్తుంది. గుమస్తా బుద్ధి, ఏం చేస్తాం.

ప్రశ్న: అన్నయ్య గారూ, నేను సర్పంచిని. రిజర్వేషనులో గెలిచాను. సంతకం నాది, మాట మా ఇంటాయనది. అధికార్లు కూడా ఫోను ఆయనకే చేస్తారు. మీ లెక్కలో నేనెవరిని? (శ్రీకాకుళం జిల్లా, ఊరు పేరు వెయ్యొద్దు)

జవాబు: తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రోజుల్లో నేను కూర్చున్న కుర్చీలోనే మీరున్నారు. రేపు ఆడిట్ వస్తే పేరా మీ పేరు మీద పడుతుంది, ఆయన పేరు ఏ కాగితంలోనూ దొరకదు. ఆయన చెడ్డవాడని అనడం లేదు. మా ప్రెసిడెంటు గారి బావమరిది కూడా చెడ్డవాడు కాదు, పండక్కి అందరికీ బెల్లం దిమ్మలు పంపేవాడు.

ముందు ఒక పని చెయ్యండి. పంచాయతీ సొమ్ము చెల్లింపులకి మీ పేరు మీద డిజిటల్ సంతకం కీ ఇస్తారు, పెన్‌డ్రైవు లాగ ఉంటుంది. అది ఎక్కడుందో చూడండి. నాకు తెలిసిన ఓ ఊళ్ళో అది ఇంటాయన బండి తాళంగుత్తికి వేలాడుతుండేది, సర్పంచి అమ్మ దాన్ని ఎప్పుడూ తాకలేదు. మీది తెచ్చుకుని మీ బీరువాలో పెట్టుకోండి. దాని పాస్‌వర్డు మార్పించండి. గొడవవుతుందనుకుంటే, గుమస్తా ఆడిట్ భయం పెట్టాడని నా పేరు చెప్పండి.

తర్వాత తీర్మానాల పుస్తకం. కార్యదర్శి చేత ప్రతి తీర్మానం సభలో పైకి చదివించి, అప్పుడు సంతకం పెట్టండి. మీకు చదువు తక్కువైనా సిగ్గుపడొద్దు, చదివించుకోవడం మీ హక్కు. పనిచోటు రాసిన దగ్గర, సర్వే నంబరో వీధి పేరో స్పష్టంగా ఉందో లేదో చూడండి. అక్కడే నా జీతం పోయింది. అధికారి మీ ఇంటాయనకి ఫోను చేస్తే, తిరిగి మీరే చెయ్యండి: “ఏటి బాబూ చెప్పారంట, ఒక కాగితమ్ముక్క పంపించండి” అనండి. రెండుసార్లు అలా అడిగితే మూడోసారి ఫోను మీకే వస్తుంది.

ఇంటాయన సలహా ఇవ్వకూడదని ఎవరన్నారు? రూజ్‌వెల్ట్ దగ్గర హారీ హాప్కిన్స్ అనే ఆయన మూడేళ్ళకి పైగా వైట్‌హౌస్‌లోనే మకాం ఉండి సలహాలిచ్చాడు. మీ ఇంట్లో రాత్రి అన్నం దగ్గర మీ ఆయన వంద చెప్పనివ్వండి, మంచిదైతే వినండి కూడా. పంచాయతీ ఆఫీసులో ఆయనకో కుర్చీ ఉంటే మాత్రం, కిటికీ పక్కదైనా సరే, తీయించి బయట అరుగు మీద వేయించండి.

ఆ కీ మీ చేతికొచ్చిన రోజున నాకొక కార్డు ముక్క రాయండి.